బిక్కనవోలు మొదలు భిక్కనూరు వరకు

ఒక భాషలోని కావ్యమును మఱియొక భాషలోని కావ్యము సరసన నిలిపి, ఆ రెండింటి వెనుకనున్న ప్రజల ఆచారములను, మతములను, రాజ్యవ్యవస్థలను కలిపి పఠించుటయే జీవితవృత్తిగా గైకొన్న సాహిత్యాచార్యుడు పాశ్చాత్య విశ్వవిద్యాలయములనుండి మనకు దిగివచ్చిన నూతనవ్యక్తియని పెక్కుమంది తలంచుచున్నారు. 1827లో జర్మనీ మహాకవి గేటే విశ్వసాహిత్యమను భావమును ప్రకటించుట, 1907లో కలకత్తాలో రవీంద్రనాథ ఠాకూరు ఆ భావమునే భారతీయదృష్టితో వివరించుట, 1956లో జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమున బుద్ధదేవ బసు తులనాత్మక సాహిత్యమునకు ప్రత్యేకశాఖను నెలకొల్పుట, ఇవియే ఆ వృత్తికి పుట్టుకయు పెరుగుదలయునని చెప్పుట పరిపాటి. ఈ క్రమము అసత్యము కాదు. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమల గతమును, వాని పొరుగూళ్ల శాసనములను, అచ్చట వెలసిన కవుల రచనలను, ఆ పరిసరముల బడులలో చదివి విశ్వవిద్యాలయ పీఠముల నధిష్ఠించిన వారి జీవితములను పరిశీలించినచో, ఆ వృత్తికి మన గడ్డమీదనే మఱియొక వంశక్రమము కలదని స్పష్టమగును. ఆ క్రమమును చెప్పుకొనుట నేటికి అవసరమని నా నమ్మకము.

ముందుగా సీమ స్వరూపము నెఱుగవలెను. నిజామాబాదు జిల్లానుండి 2016 అక్టోబరు 11న వేఱుపడిన కామారెడ్డి జిల్లాకు తూర్పువైపున కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు; నడుమ ఎల్లారెడ్డి; పడమట బాన్సువాడ, బిచ్కుంద, మద్నూరు, జుక్కల్ కలవు. మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమున బీదరు సీమను తడిపి, తెలుగునేలను ప్రవేశించిన మంజీరానది, ఈ జిల్లాలో ఉత్తరాభిముఖముగా సాగి కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. ఆ నది మూడు భాషల నేలలను దాటినట్లే, ఆ నదీతీరపు జనులును మూడు భాషలలో మాటలాడుదురు. మద్నూరు, జుక్కల్ ప్రాంతములలో తెలుగు, మరాఠీ, కన్నడములు ఒకే సంతలో వినవచ్చును. వీనికి ఉర్దూ తోడైనచో నాలుగు. ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికి సికిందరాబాదునుండి కామారెడ్డి, నిజామాబాదు, నాందేడుల మీదుగా మన్మాడు వరకు సాగిన రైలుమార్గము మరాఠీ వర్తకులతోడి రాకపోకలను సుకరము చేసినది. ఎల్లారెడ్డికి చేరువనే 1923 మొదలు 1931 వరకు నిర్మింపబడిన నిజాంసాగరము క్రిందికి కోస్తాజిల్లాల కర్షకులు వలసవచ్చుటచే, ఒకే తెలుగులోని రెండు యాసలు, రెండు వంటలు, రెండు వ్యవసాయపద్ధతులు సైతము ఇచ్చట ముఖాముఖి నిలిచినవి.

ఈ బహుభాషత్వము నిన్న మొన్నటిది కాదు. పదవ శతాబ్దిలో ఈ సీమకు ఇరుపార్శ్వముల వేములవాడ చాళుక్యుల రాజ్యపీఠములుండెను. వారి తొలి రాజధాని బోధను, తరువాతిది వేములవాడ. రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి 941లో కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. కన్నడమునకు ఆదికవియని కొనియాడబడు ఆ మహనీయుని పూర్వులు వేంగినాటి వంగిపర్రు వారు. ఆయన కావ్యరచన కావించిన నేల నేటి తెలంగాణము. ఆయన కావ్యభాష కన్నడము. ఇతివృత్తము వ్యాసుని భారతము. నమ్మిన ధర్మము జైనము. ఇంతటి సంస్కృతీసమ్మేళనమును ఒక్క కవి జీవితమున చూపజాలిన దేశములు లోకమున కొలదిగానే యుండును. అదే వంశపు రాజుల ప్రాపున సోమదేవసూరి 959లో సంస్కృతమున యశస్తిలకచంపువును పూర్తిచేసెను.

వీనికంటె విశేషమైనది పంపకవి సోదరుడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతమున కురిక్యాల వద్దనున్న బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనము. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు భాగము కందపద్యములలో నున్నది. నన్నయభట్టారకునికి సుమారు శతాబ్దమునకు పూర్వమే తెలుగున కందము ఇంత నిర్దుష్టముగా నడచినదనుటకు ఆ రాతిపలుకు సాక్ష్యము. సాహిత్యచరిత్రకారులు ఈ శాసనమును తెలుగుపద్యపు ప్రాచీనతను నిరూపించుటకే తఱచు ఉదాహరింతురు; అది యుచితమే. కాని నన్ను అంతకంటె ఎక్కువగా ఆకర్షించునది ఆ మూడు భాషల సహజీవనము. జినవల్లభునకు తన సోదరుని కీర్తిని లోకమునకు చాటవలసివచ్చినపుడు ఒక భాష చాలలేదు. ఆ గుట్ట నెక్కివచ్చు యాత్రికులలో పండితుడు సంస్కృతమును, రాజోద్యోగి కన్నడమును, గ్రామస్థుడు తెలుగును చదువుకొనుననియో వినుననియో అతడు తలంచియుండును. పాఠకుడెవడు, అతడు ఏ భాషలో దేనిని గ్రహించును అను ప్రశ్నయే నేటి సంస్కృతీతులనాధ్యయనమునకు మూలప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వేయియేండ్లక్రిందట ఈ పొరుగున రాతిమీద చెక్కబడినది.

పదునాఱవ శతాబ్దికి వచ్చినచో, కామారెడ్డి సీమలోనే రాజును కవియు నొక్కరే యైన కామినేని మల్లారెడ్డి కానవచ్చును. బిక్కనవోలు రాజధానిగా నేలిన కామినేని వంశమునకు చెందిన యితడు షట్చక్రవర్తిచరిత్రమును, శివధర్మోత్తరమును, పద్మపురాణమును తెలుగున రచించెను. ఆ బిక్కనవోలే నేటి భిక్కనూరు. కామినేని వంశీయుల పేర్లే కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణముల పేర్లలో నిలిచియున్నవని ఆ ప్రాంతీయుల విశ్వాసము. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు అను ఆర్గురు చక్రవర్తుల కథలను ఒక్కచో కూర్చిన షట్చక్రవర్తిచరిత్రము, పురాణములందు చెదరియున్న వస్తువును ఏకత్ర సమీకరించి తెలుగు ప్రబంధశైలికి ఒదిగించిన రచన. శివధర్మోత్తరము సంస్కృతమునందలి శైవధర్మశాస్త్రమునకు తెలుగురూపము. ఈ గ్రంథములు పుట్టిన కాలమున గోలకొండయందు కుతుబ్‌షాహీలు ఏలుచుండిరి. ఇబ్రహీం కుతుబ్‌షాహు తెలుగు కవులకు మల్కిభరాముడై అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితము గొన్నాడు. పటాన్‌చెరువున అమీనుఖానుడు పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రమునకు కృతిభర్త యైనాడు. పారసీకము రాజభాషగా నున్న రాజ్యమున, తురుష్కప్రభువులు అచ్చతెనుగు కావ్యమును ఆదరించుచుండగా, పొరుగున రెడ్డిప్రభువు శైవాగమధర్మమును తెలుగు చేయుచుండెను. ఈ రెండు ఉద్యమములను వేర్వేఱు అధ్యాయములలో చదువుట మనకు అలవాటైనది. ఒకే కాలమున, ఒకే రాజ్యపు నీడలో జరిగిన పనులను కలిపి చదివినగాని ఆ శతాబ్ది మనకు అర్థము కాదు.

భిక్కనూరున వెలసిన ఆలయదైవము పేరు సిద్ధరామేశ్వరుడు. సొన్నలిగెయందు, అనగా నేటి షోలాపురమున, పండ్రెండవ శతాబ్దిలో వెలుగొందిన కన్నడ శివశరణుడు సిద్ధరాముని పేరును ఈ పేరు స్మరింపజేయును. బసవేశ్వరుని చరితమును పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా పాడగా, భీమకవి దానిని 1369లో కన్నడమునకు కొనిపోయెను. కన్నడదేశమున పుట్టిన భక్తికథ తెలుగున కావ్యమై మరల కన్నడమునకు మరలిన ఆ మార్గములో, మంజీరాతీరపు శైవక్షేత్రములును మఠములును విడిదులైయుండునని ఊహించుట అసంగతము కాదు.

తరువాతి శతాబ్దముల సంగతి సంక్షేపముగా చెప్పెదను. దోమకొండకోటలో కాకతీయరీతిని నిర్మింపబడిన మహాదేవాలయమును, దక్కనీ కమానులును గచ్చుపనులునుగల అద్దాలమేడయు ఒకే ప్రాకారములో నున్నవి; ఆ కోట పునరుద్ధరణమునకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. పడమట కౌలాసుకోటను రాజపుత్రవంశీయు లేలిరి. వారిలో రాజా దీప్‌సింగు 1857నాటి తిరుగుబాటుతో సంబంధము కలిగి నిజాము ఆగ్రహమునకు గుఱియయ్యెను. పల్లెలలో మొహర్రము మాసమున పీర్లపండుగ జరుగును. అలావ అను నిప్పులగుండము చుట్టు హిందువులును ముసల్మానులును కలిసి ఆడుదురు. హసన్ హుస్సేనుల పేర్లు తెలుగుపాటల చరణములలో ఒదిగిపోయినవి. దీనిని మతసామరస్యమను ఒక్క మాటతో ముగించుట నాకు రుచింపదు. కర్బలాలోని శోకగాథ తెలంగాణపు పల్లెపాటగా మారుటకు ఏ బాణీ సాయపడినది, పీరుకు మ్రొక్కుకొనిన రైతు పంటకోతకును ఆ మ్రొక్కుకును ఎట్టి సంబంధమును భావించినాడు, ఆ పాటలను ఏ కులమువారు కట్టినారు అని అడుగువాడే నిజమైన పరిశోధకుడు. అట్టివారు మనకు లభించుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయము రావలసివచ్చినది.

1918లో హైదరాబాదున స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునకు బోధనాభాష ఉర్దూ. దానికి ముందే 1917లో నెలకొల్పబడిన అనువాదశాఖ తత్త్వము, చరిత్ర, పదార్థవిజ్ఞానము మొదలగు శాస్త్రములను ఆంగ్లమునుండి ఉర్దూలోనికి తెచ్చుచుండెను. తెలుగు మాతృభాషగాగల బాలునికి ఇది మిక్కిలి కష్టమైన వ్యవస్థ. ఆ అన్యాయమును నేను తక్కువచేసి చెప్పను. తన జనులలో అధికసంఖ్యాకుల భాషను బడినుండి తొలగించిన ప్రభుత్వమును మెచ్చుకొనుటకు కారణము లేదు. ఆ నిరసనయే 1921లో ఆంధ్రజనసంఘమై, పిమ్మట ఆంధ్రమహాసభయై, 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను కామారెడ్డికి పొరుగునగల సిరిసిల్లయందును, 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను నిజామాబాదునందును వినిపించినది. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో గోలకొండకవులసంచికను వెలువరించుట, 1943లో ఆంధ్రసారస్వతపరిషత్తు పుట్టి తెలుగు పరీక్షలను నిర్వహించుట ఆ ఆవేదనకు ఫలితములే. అయినను ఆ కష్టము ఒక అనుకోని ఫలమును ప్రసాదించినది. ఇంట తెలుగు, వీధిబడిలో పంతులు చెప్పిన అమరమును శతకములును, సర్కారుబడిలో ఉర్దూ, కళాశాలలో ఆంగ్లము; ఇట్లు నాలుగు సాహిత్యసంప్రదాయములు ఒక్క బాలుని మనస్సులో చేరి, ఒకదానితో నొకటి సంవాదము సల్పజొచ్చెను.

ఉస్మానియాలో తెలుగుశాఖకు అధ్యక్షత వహించిన రాయప్రోలు సుబ్బారావుగారు స్వయముగా శాంతినికేతనమున రవీంద్రుని సన్నిధిని చదివినవారు. ఉమరుఖయ్యామును మధుకలశమను పేర తెలుగుచేసినవారు. వంగదేశపు ప్రభావమును, ఆంగ్లకాల్పనికకవుల వాసనయు, పారసీక రుబాయీల మాధుర్యమును ఒక్క గురుపీఠమున సమావేశమైనవి. అయినను రాయప్రోలువారిది ప్రధానముగా కవిహృదయము. తులనమునే శాస్త్రముగా నడపిన కీర్తి ఆయన తరువాతివారికి చెందును.

వారిలో అగ్రగణ్యుడని నేను భావించునది బిరుదురాజు రామరాజుగారిని. 1925లో వరంగల్లు ప్రాంతపు దేవనూరున జన్మించిన ఈయన ఉస్మానియాలో తెలుగు జానపదగేయములపై పరిశోధించి డాక్టరేటు పొంది, ఆ గ్రంథమును తెలుగు జానపదగేయసాహిత్యమను పేర 1958లో వెలువరించిరి. నేడది సామాన్యవిషయముగా తోచును. కాని ఆనాడు విశ్వవిద్యాలయమున సాహిత్యమన కావ్యము, కావ్యమన పద్యము, పద్యమన పండితుడు వ్రాసినది. దంపుడుపాటను, ఏలపదమును, జాజఱపాటను డాక్టరేటునకు విషయముగా నిలుపుటయన ఆ సోపానక్రమమునే ప్రశ్నించుట. ఊరూర తిరిగి పాడువారి నోటనుండి గేయములను వ్రాసికొని, వానిని శాస్త్రీయముగా విభజించి, జానపదవిజ్ఞానమునకు తెలుగున పునాది వేసిన ఆచార్యుడాయన. అదే మనీషి తెలుగువారి సంస్కృతరచనలను అన్వేషించినారు, ఆంధ్రయోగుల చరిత్రలను సంపుటములుగా కూర్చినారు, ఉర్దూ తెలుగు నిఘంటువునకు పాటుపడినారు, తాళపత్రములను సేకరించి మఱుగుపడిన కవులను వెలికి తెచ్చినారు. సంస్కృతపండితుడును, ఉర్దూ చదివినవాడును, జానపదుల చెంత కూర్చుండి వినువాడును ఒక్క వ్యక్తియందే యుండుట ఆయన విశిష్టత. పండితుల వాఙ్మయమును పామరుల వాఙ్మయమును రెండు సంస్కృతులుగా గ్రహించి వానినడుమ రాకపోకలను పరిశీలించుట ఆయన జీవితకార్యము. జాతీయాచార్యపదవి ఆయనను వరించినది. 2010 ఫిబ్రవరిలో కీర్తిశేషులైరి.

కామారెడ్డికి మఱింత సన్నిహితుడు సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు. 1931లో వేములవాడ సమీపమున హనుమాజీపేటలో ఒక కర్షకకుటుంబమున జన్మించి, సిరిసిల్లలోను కరీంనగరులోను ఉర్దూ మాధ్యమమున చదివి, ఉస్మానియాలో బి.ఏ. వరకు ఆ భాషలోనే అభ్యసించిరి. పల్లెలో విన్న హరికథలును జంగముకథలును ఆయన చెవికి తెలుగులయను నేర్పినవి. తరగతిలో చదివిన గజలు మఱియొక లయను నేర్పినది. ఆచార్యుడై ఆధునికాంధ్రకవిత్వములోని సంప్రదాయములను ప్రయోగములను పరిశీలించిన సిద్ధాంతవ్యాసమునకు 1962లో డాక్టరేటు పొందిరి. ఆ గ్రంథమున విమర్శకుడుగా ఆంగ్ల, వంగ, సంస్కృత ప్రభావములను విశ్లేషించిన ఆయనయే, కవిగా ఉర్దూగజలును తెలుగుఛందస్సునకు అలవఱచిరి. అనుకరణమునకును ఆత్మీకరణమునకును గల భేదమును ఆయన తెలుగుగజళ్లు చూపినంత స్పష్టముగా ఏ సిద్ధాంతగ్రంథమును చూపలేదని నా అభిప్రాయము. 1980లో వెలువడిన విశ్వంభరకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠపురస్కారము లభించినది. పంపకవికి ఆశ్రయమిచ్చిన వేములవాడ చెంతనే, వేయియేండ్ల తరువాత, పరభాషాచ్ఛందమును తన భాషలో పలికించిన ఆచార్యకవి పుట్టుట ఈ నేల స్వభావమునకు తగియున్నది.

ఈ వృత్తి సముద్రములు దాటిన ఘట్టమునకు వెల్చేరు నారాయణరావుగారు నిదర్శనము. ఆయన ఈ సీమవారు కారు. శ్రీకాకుళముజిల్లాలో పుట్టి ఏలూరు కళాశాలలో తెలుగు చెప్పినవారు. 1970వ దశకమున అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చేరి దశాబ్దములపాటు అచ్చట తెలుగును బోధించిరి. సోమనాథుని బసవపురాణమును జీన్ రోఘైర్‌తో కలిసి 1990లో ఆంగ్లమున వెలువరించి, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంలతో కలిసి దక్షిణదేశపు చరిత్రరచనారీతులపై 2001లో ప్రసిద్ధగ్రంథమును ప్రచురించిరి. విదేశములో కూర్చుండి మన సాహిత్యమును మన కొలమానములతోనే చదువవలెనని పట్టుపట్టిన ధీరుడాయన. అయితే ఆయన ప్రఖ్యాతిని చూచి, ఈ విద్యను అభ్యసింపవలెనన్న అమెరికా పోవలెనని మన యువకులు తలంచుట మాత్రము పొరపాటు. ఆయన అచ్చటికి కొనిపోయిన సామగ్రి అంతయు ఇచ్చటిదే.

ఇంక నేటి స్థితి. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు డిచ్‌పల్లి ప్రధానస్థానము కాగా, దాని దక్షిణప్రాంగణము భిక్కనూరున నున్నది. మల్లారెడ్డి పద్మపురాణమును తెలుగుచేసిన బిక్కనవోలునే విశ్వవిద్యాలయము వచ్చి నిలిచినదన్నమాట. కామారెడ్డిలో ప్రాచ్యవిద్యా కళాశాల సంస్కృతాంధ్రములను ఏండ్లతరబడి బోధించినది. విద్యాలయములున్నవి, కాని విద్యార్థి మారినాడు. రామరాజుగారి తరమువారికి సహజముగా అబ్బిన చతుర్భాషాపరిచయము నేటి పరిశోధకునికి లేదు. తెలుగు ఎం.ఏ. చదివినవానికి ఉర్దూలిపి తెలియదు. ఉర్దూ చదివినవాడు పద్యమును చదువలేడు. మద్నూరు బాలునికి ఇంట వచ్చిన మరాఠీ కళాశాలలో ఒక విద్యగా లెక్కకు రాదు. ఇంగ్లీషుశాఖలో ఆఫ్రికా నవలను, లాటిన్ అమెరికా నవలను పోల్చి పరిశోధించు యువకుడు పదిక్రోసుల దూరమున జుక్కల్‌లో కన్నడవచనమును తెలుగుతత్త్వమును ఒకే భజనలో పాడువారున్నారేమో విచారింపడు. ఆఫ్రికానవలను చదువవలదని కాదు; తప్పక చదువవలెను. కాని పరిశోధనకు కావలసిన భాషలను ఇంటివెనుక విడిచి, దూరపు భాషల అనువాదములతోనే పని నడపుకొనుట ఈ వృత్తికి తగదు.

చేయవలసిన పని నిర్దిష్టముగనే యున్నది. నిజాముకాలపు భూమిపత్రములు, పంచాయతీ తీర్పులు, విన్నపములు ఉర్దూలో నున్నవి. వానిలో తెలుగు రైతు మాట ఉర్దూ గుమాస్తా కలమున ఎట్లు మారినదో చదివి చెప్పువారు కావలెను. పీర్లపాటలను మంజీరాకు ఇరువైపుల సేకరించి, బీదరువైపు పాటలతో పోల్చవలెను. మల్లారెడ్డి శివధర్మోత్తరమును సంస్కృతమూలముతో పంక్తిపంక్తికి సరిచూచి, అతడు విడిచినదేమో, చేర్చినదేమో నిర్ణయింపవలెను. కోస్తానుండి నిజాంసాగరము క్రిందికి వచ్చిన కుటుంబముల మూడవతరము ఏ యాసలో మాటలాడుచున్నదో, ఏ పండుగలను విడిచి ఏ పండుగలను పట్టినదో వ్రాసికొనవలెను. భిక్కనూరు ప్రాంగణమున ఒక్క ఆచార్యుడు, నాలుగు భాషల నెఱిగిన నలుగురు శిష్యులతో, ఎల్లారెడ్డి మీదుగా పడమటకు పయనించినచో పది సంవత్సరములలో ఇవి నెఱవేఱును.

వీనిలో ఒక్కటి మాత్రము పది సంవత్సరములు వేచియుండదు. 1948కి పూర్వము కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల బడులలో ఉర్దూలో లెక్కలును, ఇంటి అరుగుపై తెలుగున శతకములును నేర్చినవారు నేడు ఎనుబదియైదేండ్లు దాటినవారు. ఏ పాఠమును ఏ భాషలో తలంచెడివారో, కలలో ఏ భాష వినవచ్చెడిదో, తహసీలుదారునెదుట ఏ భాషలో నోరు పెగలెడిదో వారినే అడుగవలెను. వారి మాటలను వ్రాసికొను పనికి ఈ యేడే పూనుకొనవలెను.